హాలెండు చేరిన ఐగుప్తు గుడి

హాలెండు దేశమందలి లైడెన్ పట్టణములో పురాతన వస్తువుల మ్యూజియం ఒకటి గలదు. దానిలోనికి పోగానే పైకప్పు వేసిన పెద్ద ఆవరణము కనబడును. ఆ ఆవరణములో ఒక రాతి గుడి నిలిచియున్నది. అది నమూనా కాదు, అచ్చుపోసిన బొమ్మ కాదు. ఐగుప్తు దేశపు దక్షిణమున, అస్వాను పట్టణమునకు ఎగువన, నైలునది ఒడ్డునున్న తాఫే గ్రామములో రమారమి రెండువేల సంవత్సరములు నిలిచిన గుడియే అది.

కొలత చూచిన చిన్నదే. పొడవు 8 మీటర్లు, వెడల్పు ఆరున్నర మీటర్లు. మన పల్లెలలో పదిహేను ఇరువది కుటుంబములు కూడుకొను ప్రార్థన మందిరమంత ఉండును. ముందు భాగమున స్తంభములు, ద్వారముపైన రెక్కలు చాచిన సూర్యబింబము, వెనుక గోడలో విగ్రహము నుంచుటకు ఒక గూడు. ఆ గూడు ఇప్పుడు ఖాళీ. గోడలమీద చెక్కడపు పని బహు తక్కువ. ఐగుప్తు గుళ్లను పటములలో చూచి, గోడనిండ ఫరోల బొమ్మలుండునని తలంచి వచ్చినవారికి కొంత నిరాశ కలుగును. కాని దాని చరిత్ర తెలిసి వచ్చినవారు అంత త్వరగా వెళ్లిపోరు.

ఈ గుడి ఇంత దూరము వచ్చుటకు కారణము నీళ్లు. అస్వానువద్ద నైలునదికి 1902లో ఆంగ్లేయులు ఆనకట్ట కట్టిరి. తరువాత దానిని రెండు మారులు ఎత్తుచేసిరి. అప్పటినుండి తాఫే గుడి సంవత్సరములో కొన్ని నెలలు నీటిలో నిలుచుచుండెను. 1960లో అంతకంటె మిక్కిలి పెద్ద ఆనకట్ట పని ఆరంభమాయెను. అది పూర్తియైనచో నూబియా అనబడు ఆ లోయ యావత్తు, గుళ్లు, సమాధులు, ఊళ్లు, ఖర్జూరపు తోటలతో సహా, శాశ్వతముగా మునిగిపోవును. ఆ సంవత్సరము మార్చి 8న యునెస్కో సంస్థ లోకములోని దేశములను సహాయము కోరెను. అనేక దేశములు ధనమును పండితులను పంపెను. మన భారతదేశపు పురావస్తు శాఖవారును 1962లో అక్కడికి పోయి త్రవ్వకములు జరిపిరి.

తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. సరిగా ఆ దినములలోనే కృష్ణానదిపై నాగార్జునసాగరము లేచుచుండెను. 1954 మొదలు 1960 వరకు నాగార్జునకొండ లోయలో త్రవ్వి, దొరికిన బౌద్ధుల కట్టడములను కొన్నిటిని కొండమీదికి చేర్చిరి. ఆ కొండ నేడు నీటినడుమ ద్వీపము. అక్కడికి పడవమీద పోయి చూచిన చదువరులకు, రాతికి రాయి లెక్కపెట్టి విప్పుట, మరల పేర్చుట ఎట్టి పనియో తెలిసియుండును.

తాఫే గుడిని 1960లోనే విప్పివేసిరి. 650కి పైగా రాళ్లు. బరువు దాదాపు 250 టన్నులు. సహాయము చేసిన దేశములలో కొన్నిటికి ఐగుప్తు ప్రభుత్వము చిన్న గుళ్లను బహుమానముగా ఇచ్చెను. దెబోదు గుడి స్పెయిను రాజధాని మాడ్రిడ్‌కు, దెండూరు గుడి న్యూయార్కుకు, కొండరాతిలో తొలిచిన ఎల్లెసియా గుడి ఇటలీలోని టురిన్‌కు, తాఫే గుడి లైడెన్‌కు పోయెను. మాడ్రిడ్‌లోని గుడి ఆరుబయట, వానకు చలికి నిలిచియున్నది. తాఫే గుడి విషయములో ఐగుప్తువారు రెండు షరతులు పెట్టిరి: ఎండవానలు తగులకుండ కాపాడవలెను, దానిని చూచుటకు ఎవరివద్దను రుసుము పుచ్చుకొనకూడదు. రెండవ షరతు నాకు మిక్కిలి నచ్చినది. 1979లో హాలెండు రాణి జూలియానా దానిని ప్రజలకు తెరచెను.

ఇక దాని వయస్సు. లూకా సువార్త 2వ అధ్యాయములో జనసంఖ్య వ్రాయించుటకు ఆజ్ఞ ఇచ్చిన కైసరు ఔగుస్తును మనమెరుగుదుము. ఈ గుడి ఆయన ఏలుబడిలో కట్టబడినదే. బేత్లెహేములో ప్రభువు పుట్టిన కాలమునకు ఇది క్రొత్త కట్టడము. అప్పట్లో ఐగుప్తు రోమావారి చేతిలో నుండెను. దానికి దక్షిణమున కూషు రాజ్యము, దాని ముఖ్యపట్టణము మెరోయే. బైబిలులో ఐతియొపియ అని వ్రాయబడినది ఈ దేశమే. దాని రాణులకు కందాకే అను బిరుదు. ఐగుప్తు రాజులకు ఫరో అను మాట ఎట్టిదో ఇదియు అట్టిదే.

క్రీస్తుకు పూర్వము 25వ సంవత్సర ప్రాంతమున కూషు సేనలు అస్వానుపై పడి, కైసరు విగ్రహములను పడద్రోసిరి. రోమా అధిపతి పెత్రోనియసు వారిని తరిమి, కూషు దేశములోనికి చొచ్చెను. చివరకు సంధి కుదిరెను. 1910లో మెరోయేలో త్రవ్వుచుండగా ఒక గుడి మెట్లక్రింద ఔగుస్తుయొక్క కంచు శిరస్సు దొరికెను. వచ్చిపోవువారందరు కైసరు తలను త్రొక్కునట్లు దానిని అక్కడ పాతిపెట్టిరి. ఆ శిరస్సు ఇప్పుడు లండనులోని బ్రిటిషు మ్యూజియంలో నున్నది. అట్టి సరిహద్దులో రోమావారు కాపుంచిన కోటలలో తాఫే ఒకటి. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఫిలిప్పు బాప్తిస్మమిచ్చిన కందాకే మంత్రి నైలువెంట ఇంటికి మరలిపోయియున్నయెడల, ఈ గుడిని దాటియే పోయియుండును.

అయినను నూబియాలో సంఘము స్థిరపడుటకు ఇంక ఐదువందల సంవత్సరములు పట్టెను. ఐగుప్తు అంతయు క్రైస్తవమైన పిమ్మటను ఈ సరిహద్దు ప్రజలు ఫీలే ద్వీపమందలి ఐసిసు దేవత గుడిని విడువలేదు. ఆరవ శతాబ్దమున జస్టీనియను చక్రవర్తి దానిని మూయించెను. ఇంచుమించు 543వ సంవత్సరమున జూలియను అను వృద్ధ గురువు సువార్తతో నూబియాకు పోయెను. ఆయనను పంపినది చక్రవర్తి భార్యయగు థియొడోరా. చక్రవర్తియు వేరొక బృందమును పంపెనుగాని, దానిని దారిలో నిలుపవలసినదని రాణి అక్కడి అధిపతికి ఉత్తరము వ్రాసెనట. ఈ సంగతి వ్రాసినవాడు ఎఫెసు బిషప్పగు యోహాను. ఆయన రాణి పక్షమువాడు గనుక కొంచెము సంతోషముతోనే వ్రాసినాడు. భార్యాభర్తల పోటీలోనుండి ఒక దేశమునకు సువార్త చేరెను.

జూలియను అక్కడ రెండు సంవత్సరములుండెను. ఉదయము తొమ్మిది గంటలు మొదలు సాయంత్రము నాలుగు గంటలవరకు ఎండకు తాళలేక, నీరున్న గుహలలో మొలకు గుడ్డ చుట్టుకొని కూర్చుండి బోధించి బాప్తిస్మమిచ్చెనని యోహాను వ్రాసెను. వేసవిలో గ్రామములు తిరిగిన మన సువార్తికులకు ఆ మాటలో అతిశయోక్తి కనబడదు.

ఆ తరువాత పాతగుళ్లు ఒక్కొక్కటి ప్రార్థన మందిరములాయెను. తాఫే గుడియు అట్లే ఆయెను. దెండూరు గుడిలో అబ్రాహాము అను గురువు సిలువ నిలిపినట్లు గోడమీద వ్రాత యున్నది. వాదీ ఎస్ సెబువా అను చోట రెండవ రామ్సేసు ఫరో కట్టించిన గుడియున్నది. అక్కడి విశ్వాసులు దేవత బొమ్మపై సున్నము పూసి, దానిమీద అపొస్తలుడగు పేతురు బొమ్మ వ్రాసిరి. కాలక్రమమున ఇరుప్రక్కల సున్నము రాలిపోయి ఫరో బయటపడెను. ఇప్పుడు చూచువారికి రామ్సేసు పేతురునకు పుష్పములు సమర్పించుచున్నట్లు కనబడును!

ఆ సంఘము స్వల్పకాలము బ్రదికినది కాదు. అరబ్బులు ఐగుప్తును జయించిరిగాని నూబియాను జయింపలేకపోయిరి. 652లో ఒడంబడిక జరిగి, శతాబ్దములపాటు నూబియా స్వతంత్ర క్రైస్తవ రాజ్యముగా నిలిచెను. సువార్తలను తమ సొంత నూబియా భాషలోనికి మార్చుకొని చదువుకొనిరి. 1961లో ఫరాసు అను చోట పోలెండు పండితులు ఇసుకదిబ్బ త్రవ్వగా, దాని కడుపున గోడలు నిలిచియున్న పెద్ద దేవాలయము బయటపడెను. గోడలపై నూరింటికి మించిన చిత్రములు. నీరు రాకమునుపే వాటిని గోడనుండి ఊడదీసి వార్సాకును ఖార్టూముకును చేర్చిరి. అక్కడి బిషప్పుల పేర్లు వరుసగా వ్రాసిన పట్టికయు దొరికెను. అందులో ఇరువదియేడు పేర్లు గలవు.

మరి అట్టి సంఘము ఏమాయెను? కైరోనుండి వచ్చిన సైన్యములు, రాజవంశములోని కలహములు, ఎడారినుండి దిగిన తెగలు, ఇవన్నియు కారణములే. 1317లో దొంగోలాలోని రాజసభామందిరము మసీదాయెను. కాని పండితులు తక్కువగా చెప్పు కారణము మరియొకటి యున్నది. నూబియా బిషప్పులు అభిషేకము పొందవలసినది అలెక్సంద్రియ పాత్రియార్కు చేతులమీదుగా. ఆ రాకపోకలు తగ్గిన కొలది బిషప్పులు తగ్గిరి. వారు లేక గురువులు లేరు.

1520 ప్రాంతములలో అబిస్సీనియా, అనగా నేటి ఇథియోపియా, రాజుకొలువులో నున్న పోర్చుగీసు గురువు ఫ్రాన్సిస్కో అల్వారెస్ తాను చూచినది వ్రాసియుంచెను. నూబియా దేశమునుండి ఆరుగురు క్రైస్తవులు వచ్చి, తమకు బోధించుటకు గురువులను పంపుమని రాజును బతిమాలుకొనిరి. తనకే బిషప్పు అలెక్సంద్రియనుండి రావలసియుండగా, ఇతరులకు గురువులను తానెట్లియ్యగలనని రాజు ప్రత్యుత్తరమిచ్చెను. వారు వట్టిచేతులతో మరలిపోయిరి. వారి దేశములో అప్పటికిని నూటయేబది మందిరములున్నవని, వాటి గోడలపై సిలువలు, మరియమ్మ చిత్రములు ఉన్నవని అల్వారెస్ మరియొకనివలన విన్నాడు. మందిరములున్నవి, వచ్చి కూర్చుండువారున్నారు, రొట్టె విరిచి ఇచ్చువాడు లేడు. లైడెన్‌లోని ఆ ఖాళీ గూటిని తలచుకొనునప్పుడెల్ల ఆ ఆరుగురే నాకు గుర్తు వచ్చుదురు.

గుడులకు దొరికిన శ్రద్ధ మనుష్యులకు దొరకలేదనవలెను. ఆ లోయలోని ప్రజలలో ఐగుప్తువైపు వారిని రమారమి 50,000 మందిని 1963-64లో కోమ్ ఒంబో ప్రాంతమునకు తరలించిరి. సూడానువైపున దాదాపు అంతేమందిని నైలు ఒడ్డునుండి వందల మైళ్ల దూరమునకు పంపిరి. క్రొత్త ఊళ్లకు వారు పాత ఊళ్ల పేర్లే పెట్టుకొనిరి. వారు ఇప్పుడు ముసల్మానులు. ఎన్నో తరములనుండి అట్లే యున్నారు. అయినను వారి నోబీన్ భాషలో ఆదివారమును కిరాగే అందురు. అది ప్రభువు దినము అను అర్థముగల గ్రీకుమాటనుండి వచ్చినది.