ఓవెన్‌లో పుట్టిన పిల్లికూనలు

ఆవు పొదుగుకు చన్నులెన్ని?

1998లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో సెనేట్ టికెట్ కోసం పోటీపడుతున్న ఒకాయనకు రేడియో చర్చలో ఎదురైన ప్రశ్న ఇది. అడిగినవాడు అదే టికెట్‌కు పోటీపడుతున్న ఫ్రెడ్ టటిల్. టన్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊళ్లో పాడి చేసి విశ్రాంతి తీసుకుంటున్న 79 ఏళ్ల రైతు. హైస్కూలు చదువు మధ్యలోనే మానేశాడు. జవాబు చెప్పాల్సినవాడు జాక్ మెక్‌ములెన్. సంపన్న వ్యాపారి, అంతకు ఏడాది కిందటే పక్కనున్న మసాచుసెట్స్ నుంచి మకాం మార్చినవాడు. "ఆరు" అన్నాడాయన. నాలుగని పాలకేంద్రానికి క్యాను మోసిన పిల్లాడైనా చెప్పేవాడు. తర్వాత టటిల్ కొన్ని ఊళ్ల పేర్లు రాసిన కాగితం చేతికిచ్చి చదవమన్నాడు. అక్కడి ఊళ్ల పేర్లు చూస్తే రావు, వింటేనే వస్తాయి. ఫ్రాన్స్‌లోని కలే రేవు పేరే పెట్టుకున్న ఊరిని వెర్మాంట్ వాళ్లు 'కాలస్' అంటారు. మెక్‌ములెన్ తడబడ్డాడు. సెప్టెంబరులో రిపబ్లికన్ పార్టీ ఓటర్లు సగానికి పైగా టటిల్‌కే ఓటేశారు. గెలిచిన టటిల్ తాను వాషింగ్టన్ వెళ్లదలచుకోలేదని, అసలు ఎన్నికలో అవతలి పార్టీ సెనేటర్ పాట్రిక్ లేహీకే ఓటు వేయమని చెప్పాడు. లేహీ వెర్మాంట్ రాజధాని మాంట్‌పీలియర్‌లోనే పుట్టినవాడు.

దేశమంతా దీన్ని వింతగా చెప్పుకుంది. వెర్మాంట్‌లో మాత్రం చాలామందికి ఇది వింత కాదు, ఎన్నో ఏళ్లుగా కడుపులో దాచుకున్న మాట.

ఆ రాష్ట్ర జనాభా ఆరున్నర లక్షల లోపు. విజయవాడ నగరమంత కూడా లేదు. కొండలు, మేపిల్ అడవులు, పాడి పొలాలు, ప్రతి ఊరికీ తెల్లటి చర్చి, మార్చి మొదటి మంగళవారం జనమంతా కూర్చుని ఊరి ఖర్చులు తేల్చుకునే సభ. బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు అక్కడి పేరు 'ఫ్లాట్‌ల్యాండర్', అంటే కొండ తెలియని మైదానపు మనిషి. వాళ్లు ఎదురు పెట్టిన పేరు 'వుడ్‌చక్', పొలాల్లో బొరియలు తవ్వే జంతువు. "నేను బయటివాణ్నే, మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు కదా, వాడు లోకలే కదా?" అని అడిగితే పాతకాపు చెప్పే జవాబు తరతరాలుగా ఒకటే: "మా పిల్లి ఓవెన్‌లో పిల్లల్ని పెట్టిందనుకో, వాటిని బిస్కెట్లంటామా?"

ఈ తగవు పుట్టుక గురించిన తగవులాగే వినిపిస్తుంది. దాని చరిత్ర తవ్వితే మాత్రం ప్రతిసారీ కాలికి తగిలేది నేల. ఎవరు కొనగలరు, దాని మీద ఎవరు నడవొచ్చు, దాన్ని ఏం చేయాలో చెప్పే అధికారం ఎవరిది అన్నవే అసలు ప్రశ్నలు.

ఆ రాష్ట్రాన్ని నిలబెట్టినవాళ్లే వచ్చినవాళ్లు. వెర్మాంట్ వీరుడిగా పాఠ్యపుస్తకాల్లోకెక్కిన ఈథన్ అలెన్ పుట్టింది కనెటికట్‌లో. 18వ శతాబ్దంలో న్యూహాంప్‌షర్ గవర్నర్ బెనింగ్ వెంట్‌వర్త్ ఈ కొండల్ని పట్టాలు చేసి అమ్మేశాడు. అదే నేల తనదని న్యూయార్క్ పట్టుబట్టింది. ఒకే చెక్కకు ఇద్దరు పట్టాదారులు తయారయ్యారు. అలెన్ ముఠా 'గ్రీన్ మౌంటెన్ బాయ్స్' న్యూయార్క్ పట్టాతో వచ్చినవాళ్లను బీచ్ చెట్టు బెత్తాలతో కొట్టి తరిమేది. ఆ దెబ్బలకు వాళ్లు పెట్టుకున్న పేరు 'బీచ్ ముద్ర', న్యూయార్క్ రాజముద్రకు జవాబన్నమాట. 1777లో విడి గణతంత్రంగా ప్రకటించుకుని, 1791లో 14వ రాష్ట్రంగా అమెరికాలో చేరారు. ఈ పట్టాల కొట్లాట సాగిందంతా అబెనకీ ఆదివాసుల నేల మీద. ఏ పట్టాలోనూ వాళ్ల పేరు లేదు.

తర్వాతి శతాబ్దం గొర్రెలది. 1811లో విలియం జార్విస్ ఐరోపా నుంచి మెరీనో గొర్రెల్ని తెచ్చాడు. 1840 నాటికి రాష్ట్రంలో దాదాపు 17 లక్షల గొర్రెలుండేవి, మనిషికి ఆరు లెక్కన. మేత కోసం కొండలన్నీ బోడి అయ్యాయి. తర్వాత ఉన్ని ధర పడిపోయింది, పడమటి రాష్ట్రాల్లో రాయి లేని నేల చవగ్గా దొరికింది, జనం బళ్లు కట్టుకుని పోయారు. 1860 నాటికి వెర్మాంట్‌లో పుట్టిన ప్రతి ఐదుగురిలో ఇద్దరు వేరే రాష్ట్రాల్లో బతుకుతున్నారు. 1850 నుంచి 1940 వరకు, తొంభై ఏళ్లలో, జనాభా 3,14,000 నుంచి 3,59,000కు మాత్రమే చేరింది.

ఖాళీ ఇళ్లను చూసి బెంగపడ్డ రాష్ట్రం తానే బయటివాళ్లను పిలిచింది. ఈ సంగతి తర్వాతి తగవుల్లో ఎవరికీ గుర్తు రాదు. 1911లోనే ప్రభుత్వం ప్రచార శాఖ పెట్టింది. 1932లో 'వెర్మాంట్ సమ్మర్ హోమ్స్' పేరుతో ఒక చిన్న పుస్తకం అచ్చువేసింది. ప్రొఫెసర్లు, రచయితలు, చదువూ సంస్కారం ఉన్న ఉద్యోగులు వచ్చి ఈ పాత ఇళ్లు కొనుక్కోండని ఆహ్వానం. రాసింది ప్రసిద్ధ నవలారచయిత్రి డొరొతీ కాన్‌ఫీల్డ్ ఫిషర్. వెర్మాంట్ గొంతుగా పేరుపొందిన ఆమె పుట్టింది కాన్సస్‌లో.

ఎవరిని పిలిచారన్నదెంత ముఖ్యమో ఎవరిని పిలవలేదన్నదీ అంతే ముఖ్యం. బ్యారీ పట్టణపు గ్రానైట్ షెడ్లలో రాయి చెక్కడానికి ఇటలీ నుంచి, స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్లు అప్పటికే ఉన్నారు. 1900లో ఇటాలియన్ కార్మికులు అక్కడ కట్టుకున్న సోషలిస్టు లేబర్ హాలు ఇప్పటికీ నిలిచి ఉంది. రాతి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని వాళ్లలో చాలామంది నడివయసులోనే పోయారు. ఉత్తరాన క్విబెక్ నుంచి ఫ్రెంచి మాట్లాడే కుటుంబాలు వచ్చాయి. ఆహ్వానపత్రికలు వీళ్లకు కావు. పైగా 1925 నుంచి 1936 దాకా వెర్మాంట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెన్రీ పెర్కిన్స్ 'యూజెనిక్స్ సర్వే' నడిపి, 'మంచి పాత రక్తం' తగ్గిపోతోందని బెంగపెట్టుకున్నాడు. పేదలు, ఫ్రెంచి కెనడియన్లు, అబెనకీ మూలాలున్న కుటుంబాలు ఆ సర్వే కంటపడ్డాయి. 1931లో రాష్ట్రం పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసే చట్టం తెచ్చింది. శాసనసభ క్షమాపణ చెప్పింది 2021లో. తొంభై ఏళ్లు పట్టిన ఆ మాట చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది.

అసలు వరద రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చింది. రెండు వైపుల నుంచీ ఒకేసారి.

ఒకటి పాలవైపు నుంచి. 1940ల చివర్లో రాష్ట్రంలో 11 వేలకు పైగా పాడి క్షేత్రాలుండేవి. రైతు పాలను క్యాన్లలో నింపి, చల్లటి నీళ్లలో ఉంచి, రోడ్డు పక్కకు తెచ్చిపెట్టేవాడు. 1950ల్లో డెయిరీలు క్యాన్లు వద్దన్నాయి, స్టీలు బల్క్ ట్యాంకు పెట్టుకున్నవాళ్ల పాలే తీసుకుంటామన్నాయి. ఇరవై ఆవుల రైతుకు ట్యాంకు ఖర్చు తలకు మించింది. లారీ తిరగడానికి బాట కూడా కావాలి. చాలామంది మందను అమ్మేశారు. కొన్నాళ్లకు నేలనూ అమ్మేశారు.

రెండోది రోడ్డువైపు నుంచి. 1960, 70 దశకాల్లో అంతర్రాష్ట్ర రహదారులు పరుచుకుని బోస్టన్, న్యూయార్క్ వారాంతపు దూరంలోకి వచ్చాయి. స్కీ రిసార్టులు వెలిశాయి. అమ్మేవాడికి గతి లేని రోజున కొనేవాడు కారులో దిగాడు. 1960లో 3,89,881 ఉన్న జనాభా 1980కి 5,11,456 అయింది.

వచ్చినవాళ్లంతా ఒక్క తీరు కాదు. స్కాట్, హెలెన్ నియరింగ్ దంపతులు 1932లోనే నగరం వదిలి వచ్చి, రాతి ఇల్లు కట్టుకుని, మేపిల్ పాకం కాచుకుని బతికారు. పక్క కొండ మీదికి స్కీ వ్యాపారం వస్తోందని 1952లో మెయిన్ రాష్ట్రానికి వెళ్లిపోయారు. ముందొచ్చినవాళ్లకు వెనకొచ్చినవాళ్లు గిట్టకపోవడం వెర్మాంట్ కథలో పదేపదే కనిపిస్తుంది. 1960ల చివర పొడుగు జుట్టు కుర్రాళ్లు, అమ్మాయిలు వచ్చి ఉమ్మడి క్షేత్రాలు పెట్టారు. 1972లో 'ప్లేబాయ్' పత్రిక, యువకులంతా కలిసి వస్తే వెర్మాంట్‌ను ఓట్లతో స్వాధీనం చేసుకోవచ్చని వ్యాసం వేసింది. ఊళ్లలో గుబులు. అయినా గడ్డి ఎప్పుడు కోయాలో, చలికాలానికి కట్టెలెన్ని పేర్చాలో ఆ పిల్లలకు నేర్పింది పక్క పొలం ముసలి రైతులే. ఆ ఉమ్మడి క్షేత్రాల వాళ్ల జ్ఞాపకాల్లో ఈ కృతజ్ఞత బలంగా ఉంటుంది.

అందరికీ ఆ ఆదరణ దొరకలేదు. 1968 జూలైలో కాలిఫోర్నియా నుంచి ఇరాస్‌బర్గ్ అనే ఊరికి వచ్చిన నల్లజాతి పాస్టర్ డేవిడ్ లీ జాన్సన్ ఇంటి మీద, వచ్చిన కొద్ది వారాలకే, అర్ధరాత్రి తుపాకులు పేల్చారు. పోలీసులు కాల్చినవాళ్ల వెంట పడాల్సింది పోయి పాస్టర్ వ్యక్తిగత జీవితాన్ని తవ్వారు. గవర్నర్ ఫిలిప్ హాఫ్ వేసిన విచారణ సంఘం పోలీసుల తీరును తప్పుపట్టింది. జాన్సన్ కుటుంబం అప్పటికే వెళ్లిపోయింది. 'ఫ్లాట్‌ల్యాండర్' అన్న మాటలో సరదా ఎంతో కొంత ఉంటుంది కానీ, ఈ సంఘటనను ఆ సరదా కింద కప్పడం అన్యాయం.

రోజువారీ రాపిడి మాత్రం ఒక చిన్న అట్ట దగ్గర మొదలయ్యేది. కంచె వేయని నేల మీద ఎవరైనా వేటాడవచ్చని 1777 రాజ్యాంగమే హక్కు ఇచ్చింది. నవంబరు జింకల వేట అక్కడ పండగ. స్కూలుకు రాని పిల్లాణ్ని ఎవరూ ఏమీ అనరు. కొత్త యజమాని వచ్చి, చెట్లకు 'వేట నిషిద్ధం' అట్టలు కొట్టి, ఊరి గుమాస్తా దగ్గర నమోదు చేయించేవాడు. చట్టప్రకారం అతని హక్కే. కానీ తాత కాలం నుంచి ఆ గట్టు మీదుగా నడిచినవాడికి అది ముఖం మీద తలుపేయడమే. పెద్ద పెద్ద చట్టాల కంటే ఈ అట్టే ఎక్కువ మనసుల్ని విరిచిందని నమ్మడం కష్టం కాదు.

చట్టాల దగ్గరికొస్తే, తగవు గీత పుట్టుక వెంట గీసినట్టు లేదు. 1968లో ఇంటర్నేషనల్ పేపర్ కంపెనీ స్ట్రాటన్ దగ్గర 20 వేల ఎకరాల్లో విడిది ఇళ్లకు పథకం వేసింది. మురుగు ఎక్కడికి పోతుంది, రోడ్లెవరు వేస్తారు? ఈ ప్రశ్నలతో కదిలి 1970లో 'యాక్ట్ 250' తెచ్చిన గవర్నర్ డీన్ డేవిస్ బ్యారీ ప్రాంతంలో పుట్టిన రిపబ్లికన్, పక్కా లోకల్. పెద్ద నిర్మాణం ఏదైనా నీరు, నేల, రోడ్లు, బడులు వంటి పది అంశాల మీద నెగ్గాకే అనుమతి. ఎకరాల లెక్కన అమ్ముకుందామనుకున్న రైతుకు అదే చట్టం గొంతుకడ్డం పడింది. రాష్ట్రమంతటికీ భూవినియోగ పటం గీస్తామన్నప్పుడు ఊళ్లు తిరగబడ్డాయి. ఆ పటం అటకెక్కింది.

1972లో 'వెర్మాంట్ అమ్మకానికి లేదు' అన్న నినాదంతో గవర్నరైన థామస్ శామన్ పుట్టింది ఒహాయోలో, పెరిగింది మసాచుసెట్స్‌లో. నేల కొని వెంటనే తిప్పి అమ్మే దళారుల లాభం మీద 1973లో పన్ను వేశాడు. లోకల్ రైతు మనసులోని మాటను చట్టంగా రాసింది ఒక ఫ్లాట్‌ల్యాండర్. తర్వాతి గవర్నర్లలో స్నెలింగ్‌ది పెన్సిల్వేనియా, మాడెలిన్ క్యూనిన్‌ది స్విట్జర్లాండ్, హొవార్డ్ డీన్‌ది న్యూయార్క్. 1981లో బర్లింగ్టన్ మేయర్‌గా పది ఓట్లతో గెలిచిన బెర్నీ శాండర్స్‌ది బ్రూక్లిన్.

1997లో బడుల డబ్బు దగ్గర మంట రాజుకుంది. ఊరి ఆస్తి పన్నుతోనే ఊరి బడి నడిచేది. విడిది ఇళ్లున్న స్కీ ఊళ్లకు తక్కువ రేటుతోనే డబ్బు గలగల, పాడి ఊళ్లకు ఎంత గుంజినా చాలీచాలనిది. 'బ్రిగమ్' కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. వెంటనే వచ్చిన 'యాక్ట్ 60' సంపన్న ఊళ్ల మిగులును అందరికీ పంచింది. 'బంగారు ఊళ్లు' అని పేరుపడ్డ చోట్ల గగ్గోలు లేచింది. ఇక్కడ పేద ఊళ్ల పక్షం వహించకుండా ఉండటం కష్టం. ఒక లోయలోని పిల్లలకు మంచి బడి, పక్క లోయలోని పిల్లలకు కారే కప్పు, కారణం స్కీ కొండ ఎటువైపుందన్నదొక్కటే.

మూడేళ్లకు ఇదంతా ఒక్క నినాదంలో పొంగింది. 2000 ఏప్రిల్ 26న స్వలింగ జంటలకు పెళ్లితో సమానమైన హక్కులిచ్చే 'సివిల్ యూనియన్' చట్టంపై గవర్నర్ హొవార్డ్ డీన్ సంతకం చేశాడు. దేశంలో అదే మొదటిది. వేసవికల్లా పశువుల కొట్టాల మీద పెద్ద అక్షరాలు: 'టేక్ బ్యాక్ వెర్మాంట్', మన వెర్మాంట్ మనం తిరిగి తీసుకుందాం. ఆ పలకలు పెట్టినవాళ్లలో నేలనూ మందనూ పోగొట్టుకున్న బాధ ఉంది. అది నిజమైన బాధ. ఆ బాధకు చెల్లించమని అడిగింది మాత్రం పాల ధరతో ఏ సంబంధమూ లేని మనుషుల్ని. చట్టానికి ఓటేసిన వాషింగ్టన్ అనే చిన్న ఊరి రిపబ్లికన్ సభ్యురాలు మేరియన్ మిల్న్ సొంత పార్టీ ప్రైమరీలోనే ఓడిపోయింది. నవంబరులో ప్రతినిధుల సభ రిపబ్లికన్ల చేతికి వెళ్లింది. చట్టం నిలిచింది.

ఇప్పుడు పాడి క్షేత్రాలు ఐదు వందలకు అటూ ఇటూ మిగిలాయి. జనాభాలో అక్కడే పుట్టినవాళ్లు సుమారు సగం. యువత తగ్గిపోతోందని 2018లో రాష్ట్రం మళ్లీ పిలుపు పంపింది, ఇంటినుంచి పనిచేసుకునేవాళ్లు తరలి వస్తే పది వేల డాలర్ల దాకా ఇస్తామని. 1932 నాటి చిన్న పుస్తకానికి ఇది కొత్త ముద్రణ. రెండేళ్లకు కోవిడ్ వచ్చి, పిలవకుండానే నగరాల వాళ్లు తరలి వచ్చారు. ఇళ్ల ధరలు కొండెక్కాయి.

ఏ పట్టాలోనూ పేరు లేని అబెనకీల సంగతి కూడా ఈలోగా చట్టం ముందుకు వచ్చింది. 2011, 2012 సంవత్సరాల్లో రాష్ట్రం నాలుగు సమూహాల్ని అబెనకీ తెగలుగా గుర్తించింది. సరిహద్దు అవతల క్విబెక్‌లో, ఒడనాక్‌లో ఉండే అబెనకీలు దాన్ని ఒప్పుకోలేదు. 2022లో వాళ్ల ప్రతినిధులు బర్లింగ్టన్‌కు వచ్చి, ఒకప్పుడు పెర్కిన్స్ సర్వే నడిపిన ఆ విశ్వవిద్యాలయంలోనే నిలబడి, ఆ నాలుగు సమూహాల్లో చాలామంది అసలు తమవాళ్లే కాదని చెప్పారు. ఆ వాదన ఇంకా నడుస్తోంది.