దేశమూ, దిక్కూ

'దేశము' అన్న మాటను మనమివాళ జెండా, సరిహద్దు ఉన్న రాజ్యానికే వాడుతున్నాము గానీ, ఆ మాట వయసు చూస్తే ఈ అర్థం నిన్నమొన్నటిది. సంస్కృతంలో 'దిశ్' అనే ధాతువుకు చూపడమని అర్థం. వేలుపెట్టి చూపగల చోటు దేశం, చూపిన వైపు దిక్కు. రెండూ ఒక తల్లి బిడ్డలే. దేశకాలపరిస్థితులు అన్నా, దేశవాళీ ఆవు అన్నా, మన వ్యాకర్తలు దేశ్యపదమన్నా ఆ పాత అర్థమే పలుకుతుంది.

మరి ఆ చోటులో మనుషులెక్కడ? ప్రాచీన సంస్కృతంలో అంగ, వంగ, కళింగ వంటి జనపదాల పేర్లను బహువచనంలో వాడేవారు. కళింగులన్నా కళింగదేశమన్నా ఒకటే మాట. అశోకుడి పదమూడవ శిలాశాసనంలో జయింపబడినట్లు చెప్పినదీ బహువచనంలోని కళింగులే. అక్కడ లక్షమంది హతులయ్యారనీ, లక్షన్నరమందిని తరలించారనీ ఆ శాసనమే లెక్క చెబుతుంది. మన విశాఖ తీరం ఆ కళింగసీమలోనిదే.

తెలుగు పలుకుబడి ఈ సంగతిని ఇంకా బాగా పట్టుకుంది. 'దేశాలు పట్టిపోయాడు' అంటే ఊళ్ళవెంట తిరుగుతున్నాడని. ఇక్కడ దేశం నేల. 'దేశం గొడ్డుపోయిందా?' అంటే ఇంకెవరూ మనుషులే లేరా అని; ఇక్కడ దేశం జనం. ఊరు కూడా అంతే. ఊరు చేరామంటే నేల, ఊరంతా నవ్వారంటే జనం. నేటి అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ 1910 ప్రాంతంలో 'దేశభక్తి' గేయం రాసి మనిషికి పెద్దపీట వేసినప్పుడు, జనం నాలుకమీద ముందునుంచీ ఉన్నదానికే గొంతునిచ్చాడని నాకనిపిస్తుంది.

ఇదే ఉత్తరాంధ్రనుంచి పొట్ట చేతబట్టుకుని వేలమంది బర్మా వెళ్ళారు. రంగూనును మనవాళ్ళు రంగమన్నారు. అక్కడివారు మనవాళ్ళను 'కొరంగీ'లన్నారు. కొరంగి గోదావరి ముఖద్వారం దగ్గరి పాత రేవు. నేల వదిలి వెళ్ళిన కూలీకి ఆ నేల పేరే ఒంటిపేరైంది. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలమీద దాడులు జరిగినప్పుడు ఆ పేరే వారిని పట్టిచ్చింది. 1942లో జపాను సైన్యాలు వచ్చాక వేలాది భారతీయులు అడవులగుండా కాలినడకన వెనుదిరిగారు.

ఇక యారాడ సంగతి. ఆ కొండకు తూర్పున సముద్రం. ఉత్తరాన డాల్ఫిన్స్ నోస్, దానికవతల 1933లో ప్రారంభమైన ఓడరేవు. నైరుతి దిక్కున ఉక్కు కర్మాగారం. కొండమీద నిలబడి ఆ వైపు చూసినప్పుడల్లా నాకు 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అన్న నినాదం గుర్తుకు వస్తుంది. 1966నాటి ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. హక్కు అడిగింది ఆంధ్రదేశమంతా. నేల ఇచ్చినవి మాత్రం గాజువాక చుట్టుపక్కల ఊళ్ళు. ఊరు ఇచ్చినవారి చేతికి 'ఆర్ కార్డు' వచ్చింది, పేరు నిర్వాసితులని మారింది. 2021 జనవరి 27న ఆ కర్మాగారంలో తన వాటా మొత్తం అమ్మాలని కేంద్రం నిర్ణయించినప్పుడు వీధికెక్కినవారిలో ఆ నిర్వాసితులూ ఉన్నారు. వారి ప్రశ్న సూటిగా ఉంది: దేశం కోసమని ఇచ్చిన నేలను మరొకరికి అమ్మితే, మా ఊరు ఎవరికిచ్చినట్టు?

దీనికి నిఘంటువులో జవాబు లేదు. కానీ ఒక జాడ ఉంది. దేశానికి తోబుట్టువైన 'దిక్కు' తెలుగులోకి వచ్చాక మరో అర్థం సంపాదించుకుంది. దిక్కంటే ఆసరా, ఆదుకునే మనిషి. 'నువ్వే దిక్కు' అంటాము, 'దిక్కులేనివాడు' అంటాము. మాటల చుట్టరికం అలా ఉన్నప్పుడు, ఊరు ఇచ్చినవాడికి దిక్కు చూపవలసింది దేశమే కదా!