ఏఐ రాసిన కోడ్‌తో బ్రేకులు, రాకెట్లు నడపొచ్చా? నాసా ఇంజినీర్ పెట్టిన పది రూల్స్ ఇవే..

ఏఐని అడిగితే క్షణాల్లో కోడ్ రాసిచ్చేస్తోంది. ఫోన్ యాప్‌లో తేడా వస్తే మళ్లీ ఓపెన్ చేస్తే సరిపోతుంది. మరి కారు బ్రేకుల్లోనో, రాకెట్‌లోనో ఆ కోడ్ నడిస్తే?

ఇలాంటి వాటికి రూల్స్ ఎప్పటి నుంచో ఉన్నాయి. కార్ల కోసం మిస్రా-సి 1998లోనే వచ్చింది. నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌కు చెందిన జెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో పది రూల్స్ ఇచ్చారు. లూప్ ఎన్నిసార్లు తిరగాలో ముందే హద్దు ఉండాలి. ఫంక్షన్ తనను తానే పిలుచుకోకూడదు, సుమారు 60 లైన్లు దాటకూడదు. ప్రోగ్రామ్ మొదలయ్యాక కొత్తగా మెమరీ తీసుకోకూడదు.. ఇలా ఉంటాయవి.

ఏఐ ఎక్కువగా నేర్చుకుంది మామూలు కోడ్ చూసి. రూల్స్ పాటించమని ప్రాంప్ట్‌లో చెప్పినా గ్యారంటీ లేదు. అందుకే మనిషి రాసిన కోడ్‌కు చేసినట్టే స్టాటిక్ అనాలసిస్ టూల్‌తో చెక్ చేయాల్సిందే. అదొక్కటే చాలదు. ఆ కోడ్ ఏ మెషీన్‌లో, ఏ పరిస్థితుల్లో నడుస్తుందో ఇంజినీరే చూసుకోవాలి.

1996 జూన్ 4న ఏరియన్-5 రాకెట్ విషయంలో జరిగింది ఇదే. ఏరియన్-4లో బాగా పనిచేసిన కోడ్‌నే ఇందులోనూ వాడారు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. దాంతో 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో పట్టలేదు. బ్యాకప్ కంప్యూటర్‌లోనూ అదే కోడ్ ఉండటంతో అదీ ఆగిపోయింది. సుమారు 40 సెకన్లకే రాకెట్ పేలిపోయింది.