పులస చూసిన గోదావరి

రూవిలో పెరుగుతున్న మన పిల్లలకు వాదీ తెలుసు గాని నది తెలియదు. ఏడాదిలో అధిక భాగం ఎండి ఉండి, వాన కురిసిన పూట ఉరకలెత్తే ఈ వాదీలను 2007 జూన్‌లో గోనూ తుపాను నాడు చూసినవారు మరువలేరు. అందుచేత మా సాయంత్రపు తెలుగు తరగతిలో గోదావరి చరిత్రను చెప్పవలసి వచ్చినప్పుడు, దానిని చేర్యాల పటం వలె పొడవాటి గుడ్డపై, అరలు అరలుగా పిల్లలచేత చిత్రింపజేశాము. చేర్యాల పటాలకు నేపథ్యం ఎరుపు. వరద గోదావరి రంగూ ఎరుపే. కథ చెప్పే పాత్రగా పులస చేపను ఎంచుకున్నాము. (దాని రుచిని గూర్చి ఆలయ పత్రికలో ప్రస్తావించము.)

ఈ చేప అధిక కాలం బంగాళాఖాతంలోనే జీవిస్తుంది. అక్కడ దాని పేరు ఇలస. వర్షకాలంలో ఎర్రనీరు సముద్రంలో కలిసినప్పుడు, గుడ్లు పెట్టడానికి ప్రవాహానికి ఎదురీది గోదావరిలో ప్రవేశించి, పులస అవుతుంది. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం ఆరంభించాడు. 1852 నాటికి అది పూర్తయింది. కరవుతో కృశించిన డెల్టా ధాన్యాగారమైంది. గోదావరి జిల్లాలవారు కాటన్‌ను నేటికీ పూజిస్తారు, అది న్యాయమే. కాని చేపకు ఆ కట్టడం దారిలో మొలిచిన గోడ. ఆనకట్టలు చేపల రాకపోకలను అడ్డగిస్తున్నాయని మత్స్యశాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ డే 1873 నాటి తన నివేదికలోనే వ్రాశాడు. పాత ఆనకట్ట స్థానంలో నేడున్న బ్యారేజీకి 175 తలుపులు. పెద్ద వరద వచ్చినప్పుడు వాటిని ఎత్తివేస్తారు.

ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండవది, 17.75 అయితే మూడవది. ఈ అంకెలన్నీ గట్టు మీద నిలిచిన మనిషి కొలతలు. పటంపై వాటిని గీతలుగా గుర్తించమన్నాము. ఒక విద్యార్థిని మూడవ గీతను పచ్చని తోరణంగా చిత్రించింది. “తలుపులు తెరిచారు కదా, మాస్టారూ! చేపకు అది పండుగే” అన్నది.

ఆ మాట మమ్మల్ని చాలాసేపు విడువలేదు. మా పూర్వీకుడొకరు గోదావరి ముఖాన ఉన్న కోరంగి తీరం నుండే ఒప్పంద కూలీగా మారిషస్ చేరారు. అక్కడ తెలుగువారిని ఆ రేవు పేరుతోనే కోరంగీలు అనేవారు. నమోదు పుస్తకంలో ఆయనకు ఒక సంఖ్య, పేరు, వయస్సు, ఎత్తు ఉన్నాయి. ఓడ కదిలినప్పుడు ఆయన ఏమి చూశారో వ్రాయడానికి అందులో గడి లేదు. పులస లోనికి వచ్చే దారినే ఆయన వెలుపలికి వెళ్ళారు.

అయితే ఆ తోరణం చూసి విద్యార్థిని తల్లి ఊరుకోలేదు. ఆమెది కోనసీమ. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద ధవళేశ్వరం దాటినప్పుడు, అయిదేళ్ళ పిల్లగా ఇంటి కప్పు మీద రాత్రి గడిపారట. పండుగ రంగు తుడిచివేయమన్నారు. మేము ఏమీ చెప్పలేకపోయాము. పిల్ల మాత్రం తోరణాన్ని చెరపలేదు. దాని పక్కనే, అదే ఎత్తులో, ఒక పెంకుటింటి కప్పునూ దానిపై కూర్చున్న చిన్నపిల్లనూ గీసింది. ఆ పిల్లకు ముఖం ఇంకా దిద్దలేదు. అమ్మను అడిగి దిద్దుతానంటున్నది.