గీత నుంచి స్టెన్సిల్ దాకా: గాజుపై అక్షర శైలుల ఎంపిక – చారిత్రక పరిశీలన

ప్రవేశిక

లిపి చరిత్రకారులు సాధారణంగా శిల, రాగిరేకు, తాటాకు, కాగితం అనే ఆధారాల దగ్గర ఆగుతారు. ఈ వరుసలో గాజుకు చోటు దక్కలేదు. గాజు పగిలిపోతుంది. దాని మీది రాత శాసనంగానో గ్రంథంగానో లెక్కకు రాదు. చాలావరకు అది ఒక ఇంటివారు మరొక ఇంటివారికి ఇచ్చిన కానుకపై వేసిన పేరు, తేదీ, శుభాకాంక్ష మాత్రమే. అయినా అక్షర రూపానికీ పనిముట్టుకూ గల సంబంధాన్ని తెలుసుకోవడానికి గాజు చక్కని ఆధారం. కాగితంపై రాసింది కొట్టివేయవచ్చు, తాటాకు చెడితే మరొక ఆకు తీసుకోవచ్చు. గాజుపై ఒకసారి పడిన గీత మాత్రం చెరగదు. అందువల్ల ఏ శైలిలో రాయాలన్న నిర్ణయం పని మొదలుకాక ముందే జరగాలి.

ఈ నిర్ణయం పైకి కేవలం అభిరుచికి సంబంధించినదిగా కనిపిస్తుంది. చరిత్రను పరిశీలిస్తే, పనిముట్టు మారిన ప్రతిసారీ గాజుకు నప్పే శైలి కూడా మారినట్లు తెలుస్తుంది. ఇళ్లలో స్వయంగా గాజుపై రాసుకున్నవారి ఆచరణ ఆధారంగా ఈ మార్పును వివరించడం, ఆ వెలుగులో తెలుగు లిపికి గాజుపై ఎదురయ్యే సమస్యను గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం. తెలుగులో ఒక అక్షరాన్ని మరొక అక్షరం నుంచి వేరుచేసే చిన్న గుర్తులు నిలవడమే గాజుపై శైలి ఎంపికకు ప్రధానమైన గీటురాయి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

వజ్రపు మొన: కలం రాతకు అనుకరణ

గాజుపై అక్షరాలు చెక్కడం వృత్తికారులకే పరిమితమైన విద్య కాదు. 17వ శతాబ్దపు హాలండ్‌లో అది చదువుకున్న కుటుంబాల తీరిక వేళల కళగా వర్ధిల్లింది. ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుడు, కవి రూమర్ విస్‌హర్ కుమార్తెలు అన్నా (1583–1651), మరియా టెస్సెల్‌స్హాడే (1594–1649) ఇద్దరూ కవయిత్రులు. ఇద్దరూ పానపాత్రలపై వజ్రపు మొనతో రాశారు. లైడెన్ నగరానికి చెందిన విల్లెమ్ వాన్ హీమ్స్‌కెర్క్ (1613–1692) బట్టల వర్తకుడు, కవి. పాత్రలపై, సీసాలపై ఆయన చెక్కిన వంపుల రాతలు నేటికీ మిగిలి ఉన్నాయి. వీరిలో ఎవరికీ గాజు పని జీవనాధారం కాదు. మిత్రులకూ బంధువులకూ ఇవ్వడానికే ఎక్కువగా ఈ పాత్రలు తయారయ్యాయి.

వీరు ప్రధానంగా ఎంచుకున్నది శాసనాల్లో కనిపించే నిటారైన రోమన్ పెద్ద అక్షరాలను కాదు. కుడివైపుకు ఒరిగి, తోకలు సాగి, ఒకదానితో ఒకటి కలిసే ఇటాలిక్ చేతిరాతను. ఈ ఎంపికకు రెండు కారణాలను గుర్తించవచ్చు. మొదటిది ఆనాటి లేఖన సంస్కృతి. యాన్ వాన్ డెన్ వెల్డె 1605లో రాటర్‌డామ్‌లో వెలువరించిన లేఖన గ్రంథం వంటివి కలం రాతను ఒక కళగా నిలబెట్టాయి. ఆ గ్రంథ శీర్షికకు ‘లేఖన కళా దర్పణం’ అని అర్థం. రెండవది పాత్ర ఆకారం. గుండ్రటి పాత్ర చుట్టూ నిటారు అక్షరాలు వరుసగా రాయాలంటే పైన ఒకటి, కింద ఒకటి సమాంతర రేఖలు తప్పక పాటించాలి. ఏ కొంచెం తేడా వచ్చినా కంటికి కనిపిస్తుంది. సాగే తోకలున్న రాతలో ఆ తేడా అలంకారంలో కలిసిపోతుంది.

అయితే ఈ శైలికి ఒక చిక్కు ఉంది. ఈక కలం చేతి ఒత్తిడిని బట్టి సన్నని, మందమైన గీతలు ఇస్తుంది. వజ్రపు మొన ఇవ్వగలిగింది ఒకే మందం గల సన్నని గీత. మందం కావాలంటే పక్కపక్కనే అనేక గీతలు గీసి నింపాలి. అంటే ఆ అక్షరం చెక్కిన రాతే అయినా, రూపంలో కలం రాతకు అనుకరణ. ఒక పనిముట్టు సహజంగా ఇచ్చే రూపాన్ని మరొక పనిముట్టుతో శ్రమపడి సాధించిన సందర్భం ఇది. 20వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో కవి లారెన్స్ విస్లర్ (1912–2000) మొనతో గాజుపై రాసే ఈ విద్యకు మళ్లీ ప్రాణం పోశాడు.

ఆమ్లం, ఇసుక: అంచు ప్రధానమైన అక్షరం

గాజును రసాయనంతో తినిపించే పద్ధతిని 1670లో నూరెంబర్గ్ కళాకారుడు హైన్రిక్ ష్వాన్‌హార్ట్ కనుగొన్నాడని చెబుతారు. స్వీడిష్ రసాయన శాస్త్రవేత్త షీలె 1771లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని పరిశోధించిన తర్వాత ఈ చర్య స్వభావం స్పష్టపడింది. 19వ శతాబ్దంలో అది పరిశ్రమగా మారింది. ఇంగ్లండ్‌లోని స్టూర్‌బ్రిడ్జ్ ప్రాంతానికి చెందిన జాన్ నార్త్‌వుడ్ 1860లలో ఇందుకు యంత్రాలను రూపొందించాడు. 1870లో అమెరికాలో బెంజమిన్ టిల్గ్‌మన్ ఇసుకను వేగంగా చిమ్మి గాజును మసకబరిచే పద్ధతికి పేటెంటు పొందాడు.

ఈ రెండు పద్ధతులతో అక్షర రచనలో మౌలికమైన మార్పు వచ్చింది. వజ్రపు మొనతో రాసినప్పుడు అక్షరం చేతి కదలికలో పుడుతుంది. ఇసుక చేతి కదలికను అనుసరించదు. తెరిచి ఉన్న ప్రతి చోటునూ అది కొరుకుతుంది. కనుక తినకూడని భాగాన్ని ముందుగానే కప్పాలి. గట్టి గాజును కోసే ఇసుక, సాగే గుణమున్న రబ్బరు పొరను మాత్రం అంత సులభంగా కోయలేదు. ఆమ్లం విషయంలో ఇదే పనిని మైనం, తారు వంటి పూతలు చేశాయి. పూతపై సూదితో గీసి ఆమ్లంతో సన్నని రేఖను తినిపించడం సాధ్యమే కాని, వెడల్పైన అక్షరాలకు కప్పే పొర తప్పనిసరి. అప్పుడు అక్షరానికి గీత కన్నా అంచు ముఖ్యమవుతుంది. విక్టోరియా కాలపు పానశాలల కిటికీలపై నిండైన, వెడల్పైన ప్రదర్శన అక్షరాలు రాజ్యమేలడానికి ఇది ఒక ముఖ్య కారణం.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం గుండా లోపలికి దిగి కణజాలాన్నీ ఎముకనూ దెబ్బతీస్తుంది. అందువల్ల అది ఇంటి పనికి తగినది కాదు. ఇంట్లో గాజును మసకబరిచే అలవాటు విస్తరించడానికి తోడ్పడినవి అమోనియం బైఫ్లోరైడ్ వంటి లవణాలతో తయారైన లేపనాలు. వీటికీ చేతి తొడుగులు, గాలి ఆడే చోటు అవసరమే. అంటుకునే వినైల్ పొరను అక్షరాకారంలో కత్తిరించి గాజుపై అతికించి, లేపనం పూసి, కొన్ని నిమిషాల తర్వాత కడిగివేస్తారు. తెలుగు పట్టణాల్లో వాహనాలపై పేర్లు అతికించే ‘రేడియం’ దుకాణాల్లో వినైల్‌ను కోసేది కూడా ఇదే రకపు యంత్రం. ఈ లేపనాలు గాజును లోతుగా తినవు. పైపైన మసక మాత్రమే తెస్తాయి. వెడల్పైన చోట ఆ మసక సమానంగా రాకపోవచ్చు. మరీ సన్నని గీతల దగ్గర పొర అంచు కిందికి లేపనం చొరబడవచ్చు. ఈ రెండు హద్దుల మధ్య, మధ్యస్థమైన మందం గల అక్షరం ఈ పనికి అనువైనది.

ద్వీపాలు, వంతెనలు

పొరలో అక్షరాన్ని కత్తిరించినప్పుడు మరొక సమస్య ఎదురవుతుంది. రోమన్ లిపిలోని ‘ఓ’ను కాగితంలో కత్తిరిస్తే మధ్య ముక్క ఊడిపోతుంది. ఈ ద్వీపాన్ని చుట్టూ ఉన్న కాగితంతో కలిపి ఉంచడానికి సన్నని వంతెనలు వదులుతారు. స్టెన్సిల్ అక్షరాలు విరిగినట్లు కనిపించడానికి ఇదే కారణం. మొదట అవసరంగా వచ్చిన ఆ విరుపు కాలక్రమంలో ఒక శైలిగా స్థిరపడింది. 1937లో అమెరికాలో రెండు అచ్చక్షర సంస్థలు ‘స్టెన్సిల్’ పేరుతోనే వేర్వేరు ఖతులను విడుదల చేశాయి. వంతెనలు అవసరమే లేని ముద్రణలో వంతెనలున్న అక్షరం అలంకారమైంది.

వినైల్ పొరకు జిగురు ఉంటుంది కనుక ద్వీపం తనంత తానుగా గాజును పట్టుకుని ఉంటుంది, వంతెన అక్కరలేదు. అయితే ముక్క ఎంత చిన్నదైతే అది లేచిపోయే ప్రమాదం అంత ఎక్కువ. రోమన్ లిపిలో ఈ నష్టం సాధారణంగా అందానికి పరిమితం. మధ్య ముక్క పోయిన ‘ఓ’ను కూడా పాఠకుడు పోల్చుకోగలడు. తెలుగులో పరిస్థితి వేరు.

గంటపు గీత, సీసపు అచ్చు

తెలుగు లిపి చరిత్రలో సుమారు క్రీ.శ. 575 నాటిదిగా భావించే కలమళ్ళ శాసనం తొలి మైలురాళ్లలో ఒకటి. ఆ తర్వాతి శతాబ్దాల్లో అక్షరాలు గుండ్రదనాన్ని పెంచుకున్నాయి. గంటంతో అడ్డంగా గీసిన గీత తాటాకును ఈనె వెంట చీల్చుతుంది కనుక వంపులు పెరిగాయన్నది తరచుగా చెప్పే వివరణ. ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. గంటం కూడా వజ్రపు మొనలాగే గీసే పనిముట్టు. గంటం ఆకును గీరుతుంది. ఆ గాడిలో మసి పూస్తే అక్షరం కనిపిస్తుంది. గీత మందం ఆద్యంతం ఒకటే. కనుక హీమ్స్‌కెర్క్ వంటివారు శ్రమపడి అనుకరించవలసి వచ్చిన మందాల తేడా తాటాకు తెలుగులో లేనే లేదు. వజ్రపు మొనకు తాటాకు నాటి తెలుగు రాత సహజంగా నప్పే రూపం.

తెలుగు అచ్చులోకి రావడంతో ఈ స్థితి మారింది. 1746లో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాల ముద్రణతో మొదలై, 19వ శతాబ్దంలో మద్రాసు ముద్రణాలయాల్లో స్థిరపడిన సీసపు అక్షరం మందం, సన్నదనాల తేడాను తెచ్చింది. నేటి పాఠకుడు ప్రామాణికమని భావించే తెలుగు అక్షరం ఈ అచ్చు వారసత్వమే. గాజుపై రాయబూనేవారు కంప్యూటర్ నుంచి తీసుకునేదీ ఎక్కువగా దానినే.

ఈ రెంటికీ మధ్య తెలుగు ఇళ్లలో మరొక చెక్కుడు రాత నిలిచి ఉంది. పెళ్లిళ్లకూ వ్రతాలకూ ఇచ్చే స్టీలు సామానుపై ఇచ్చినవారి పేరు, తేదీ వేయించడం చిరకాలపు అలవాటు. ఆ పేర్లు చుక్కల వరుసగానో ఒంటి గీతగానో ఉంటాయి. చదివేవారికి ఎవరిచ్చారో తెలియడమే వాటి పరమార్థం. లైడెన్ పాత్రకూ తెలుగింటి స్టీలు గిన్నెకూ పనిముట్టులో పోలిక తక్కువే కాని, ప్రయోజనంలో దగ్గర చుట్టరికం ఉంది.

చిన్న గుర్తుల సమస్య

తెలుగులో అనేక అక్షరాల మధ్య భేదం ఒక చుక్కపైనో ఒక పొట్టి గీతపైనో ఆధారపడుతుంది. ర, ఠ లను వేరుచేసేది మధ్యలోని చుక్క. ద, ధ లను వేరుచేసేది కింది నిలువు గీత. ధ, థ లను వేరుచేసేది లోపలి చుక్క. బ–భ, ప–ఫ, డ–ఢ ల స్థితీ ఇటువంటిదే. ఠ ను వినైల్‌లో కత్తిరించినప్పుడు లోపలి ఖాళీ ఒక సన్నని ఉంగరంగా మిగులుతుంది. ఆ ఉంగరం మధ్య చుక్కను విడిగా తీసివేయాలి. చుక్కను తీయడం మరిచిపోతే ‘పాఠశాల’ ‘పారశాల’ అవుతుంది. ఉంగరమే లేచిపోతే అక్షరం నిండు వృత్తంగా మారి, ర యో ఠ యో తేల్చుకోలేని స్థితి వస్తుంది. ‘సారథి’ని ‘సారధి’గా రాసే అలవాటు ఇప్పటికే బలంగా ఉన్నప్పుడు, థ లోని చుక్క పోతే తప్పు జరిగినట్లు కూడా ఎవరికీ తోచదు.

కొమ్ము విషయంలో లిపి తానే ఒక జాగ్రత్త తీసుకుంది. వ పక్కన మామూలు కొమ్ము చేరితే అది మ ను పోలుతుంది. అందువల్ల ‘వు’లో కొమ్ము కింది నుంచి మొదలవుతుంది. కాగితపు స్టెన్సిల్‌లో వంతెనను సరిగ్గా ఈ కలయిక దగ్గర వేస్తే ఆ జాగ్రత్త వృథా అవుతుంది. దీనికి భిన్నంగా ప, స, హ లపై తలకట్టు అచ్చులో సహజంగానే విడిగా నిలుస్తుంది. స్టెన్సిల్‌కు కావలసిన విరుపును ఈ అక్షరాలకు లిపే సమకూర్చిందని చెప్పవచ్చు. అయితే చుట్టూ మసకబరిచి అక్షరాన్ని తేటగా వదిలే పద్ధతిలో విడి తలకట్టే అతికించవలసిన చిన్న ముక్క అవుతుంది. అప్పుడు సౌకర్యం భారంగా మారుతుంది.

వత్తులది ఎత్తుకు సంబంధించిన సమస్య. ‘లక్ష్మి’ అన్న పేరులో పైన గుడి, నడుమ హల్లు, కింద రెండు వత్తులు చేరతాయి. ‘రమ’కు సరిపోయే పట్టీలో ‘లక్ష్మి’ని ఇమిడిస్తే అక్షరం కుదించుకుపోతుంది, దానితో పాటు వత్తులోని గీత కూడా సన్నబడుతుంది. కనుక ఖతి పరిమాణాన్ని నిర్ణయించవలసింది పేరులోని పెద్ద అక్షరాన్ని బట్టి కాదు, అతి చిన్న వత్తును బట్టి.

ఈ దృష్టితో నేటి ఖతులను పరిశీలించవచ్చు. సిలికానాంధ్ర చొరవతో 2012 ప్రాంతంలో ఉచితంగా అందుబాటులోకి వచ్చిన ఖతులలో ‘రామభద్ర’ శీర్షికలకు ఉద్దేశించిన మందపాటి అక్షరం. దూరానికి బాగా కనిపిస్తుంది కాని, మందం వల్ల లోపలి ఖాళీలు ఇరుకవుతాయి. తలుపు అద్దానికి అది తగినది. చిన్న గ్లాసుకు తగదు. ‘లక్కిరెడ్డి’ వంటి చేతిరాత శైలి ఒంటి గీతకు దగ్గరది. ‘మండలి’ వంటి పాఠ్య ఖతి మధ్యస్థమైనది. ఒకే పేరుకు పాత్ర పరిమాణాన్ని బట్టి వేర్వేరు ఖతులు తగినవి కావడం ఇందువల్లనే.

ముగింపు

తాటాకు లేఖకులు చిన్న గుర్తులన్నిటినీ విధిగా రాయలేదు. ఎ–ఏ, ఒ–ఓ ల భేదాన్ని పాత రాతలు సాధారణంగా చూపవు. ఛందస్సు, సందర్భం, పాఠకుని పాండిత్యం ఆ లోటును పూరించాయి. గాజుపై ఒంటరిగా నిలిచే పేరుకు ఛందస్సు లేదు, సందర్భం లేదు. దాన్ని చదివేవారికి పేరు గలవారితో పరిచయం ఉండకపోవచ్చు కూడా. కనుక గాజుపై తెలుగుకు గీత స్వభావాన్ని తాటాకు నుంచీ, గుర్తుల కచ్చితత్వాన్ని అచ్చు నుంచీ గ్రహించడం ఉచితం. మొనతో రాసేవారికి ఒంటి గీత రూపం, పొరతో పనిచేసేవారికి లోపలి ఖాళీలు విశాలంగా ఉన్న మధ్యస్థ రూపం అనుకూలమైనవి. రెండు సందర్భాల్లోనూ చుక్కలను, ఒత్తు గీతలను ఖతిలో ఉన్నదాని కన్నా కొంత పెంచుకోవడం అవసరం.

తెలుగు ఖతుల రూపకల్పన ఇంతవరకు ప్రధానంగా కాగితాన్నీ తెరనూ దృష్టిలో ఉంచుకుని సాగింది. కత్తిరించడానికీ చెక్కడానికీ ఉద్దేశించిన అక్షరాలను రూపొందించాలంటే, తాటాకు ప్రతుల్లోని గీత స్వభావాన్ని, లోపలి ఖాళీల నిష్పత్తిని కొలిచి చూసే పని ముందు జరగాలి. ఆ సామగ్రి తెలుగు ప్రాంతాల తాళపత్ర భాండాగారాల్లోనే ఉంది.