26 సెకన్లు, 486 ఫ్రేములు: కీ తిప్పి నడిపిన ఓ ఇంటి కెమెరా కథ

మీ ఫోన్ గ్యాలరీలో ఎన్ని వీడియోలున్నాయి? లెక్కే ఉండదు కదా. ఈరోజు 26 సెకన్ల వీడియో ఒక్కటే చూద్దాం. సౌండ్ కూడా లేదు. కానీ దానికి అమెరికా ప్రభుత్వం కోటీ 60 లక్షల డాలర్లు కట్టింది!

అది 1963 నవంబర్ 22, డాలస్ నగరం. అబ్రహాం జాప్రూడర్ ఆడవాళ్ల బట్టలు తయారు చేయించే వ్యాపారి. ఆయన ఆఫీసు దగ్గర్లోంచే ప్రెసిడెంట్ కెనడీ కారు వెళ్తుంది. ఆయనేమో కెమెరా ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. సెక్రటరీ పట్టుబట్టడంతో మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాడు.

ఆ కెమెరా బెల్ అండ్ హోవెల్ 414పీడీ. రీలు తిరగడానికి కరెంటు అక్కర్లేదు. గోడ గడియారానికి ఇచ్చినట్టు కీ ఇస్తే, లోపలి స్ప్రింగే ఫిల్మును లాగుతుంది. ఆ ఫిల్ము తీరు ఇంకా తమాషాగా ఉంటుంది. కొడాక్ 1932లో తెచ్చిన 8 ఎంఎం పద్ధతి అది. 16 ఎంఎం వెడల్పు, 25 అడుగుల రీలు. మొదట ఒక సగం మీదే బొమ్మ పడుతుంది. అయ్యాక మూత తీసి, రీలు తిరగేసి పెడితే రెండో సగం మీద పడుతుంది. ల్యాబ్‌లో కడిగాక నిలువునా చీల్చి అతికిస్తారు. ఇంత చేస్తే దక్కేది నాలుగు నిమిషాల సినిమా! అది చూడాలన్నా ప్రొజెక్టర్, తెర ఉండాల్సిందే.

జాప్రూడర్ రీలులో ఒక వైపు ఇంటివాళ్ల బొమ్మలున్నాయి. రెండో వైపు కెనడీ హత్య పడింది.

ఇక అసలు విషయం. ఆ కెమెరా సెకనుకి సగటున 18.3 ఫ్రేములు తీస్తుందని ఎఫ్‌బీఐ పరీక్షించి తేల్చింది. మొత్తం 486 ఫ్రేములు. అంటే, ఏ ఫ్రేముకీ ఏ ఫ్రేముకీ మధ్య ఎంత టైమో లెక్క కట్టొచ్చు. తూటాల మధ్య వ్యవధి తేల్చడానికి వారెన్ కమిషన్‌కి గడియారంలా పనికొచ్చింది ఈ స్ప్రింగ్ కెమెరాయే.

జాప్రూడర్ దాన్ని లైఫ్ పత్రికకి లక్షా 50 వేల డాలర్లకి అమ్మాడు. మొదటగా అందిన 25 వేలు, అదే రోజు కాల్పుల్లో చనిపోయిన పోలీసు అధికారి భార్యకి ఇచ్చేశాడు. తలకి తూటా తగిలిన 313వ ఫ్రేము మాత్రం అచ్చు వేయొద్దన్నాడు. అమెరికా జనం టీవీలో ఆ ఫిల్ము చూసింది 11 ఏళ్ల తర్వాత, 1975 మార్చిలో. పైన చెప్పిన కోటీ 60 లక్షలు 1999లో మధ్యవర్తులు తేల్చిన ధర. అప్పటికి జాప్రూడర్ లేడు, డబ్బు ఆయన వారసులకి వెళ్లింది.

ఇప్పుడు ఏదైనా ఘోరం జరిగితే పది ఫోన్లు పైకి లేస్తాయి, నిమిషంలో అప్‌లోడ్ అయిపోతుంది. తీయడం తప్పని నేను అనను. ఆ ఫిల్మే లేకపోతే చరిత్రకి అంత పెద్ద సాక్ష్యం దొరికేది కాదు. కానీ తీసినవాడే "ఈ ఒక్క ఫ్రేము వద్దు" అన్నాడు చూడండి, షేర్ నొక్కే ముందు అది ఒక్కసారి గుర్తు తెచ్చుకుందాం.

మీ ఇంట్లో అటక మీద పాత కెమెరా ఏదైనా ఉందా? కామెంట్‌లో చెప్పండి. మరో ఎపిసోడ్‌లో కలుద్దాం!