రెండవ రాయి

శంఖినీ డంకినీ నదుల సంగమమున, దంతెవాడలో, దంతేశ్వరీదేవి ఆలయము కలదు. బస్తరు ప్రభువైన దిక్పాలదేవుని కాలమున, విక్రమ సంవత్సరము 1760లో, అనగా క్రీ.శ. 1703లో, అచ్చట రెండు శిలాశాసనములను నిలిపిరి. రెండింటి విషయము ప్రధానముగా ఒకటే. మొదటిది సంస్కృతము, రెండవది దేశభాష. వ్రాసినవాడు రాజగురువు భగవాన్ మిశ్రుడు. కలియుగమున సంస్కృతము చదువగలవారు కొలదిమందియే యుందురు గనుక రెండవ రాతిపై భాషలో వ్రాయవలసి వచ్చెనని ఆ శాసనమే చెప్పుచున్నది. బస్తరు రాజవంశమునకు ఓరుగల్లుతో గల సంబంధమును తెలుపు శాసనముగా అది తెలుగువారికి పరిచితమే. అయినను దానిని వ్రాసినవాని వివేకము అంతకంటె గమనింపదగినది. వ్రాత నిలిచియుండుట వేరు, అది చదువరికి అందుట వేరు.

నేటి గ్రంథాలయముల సమస్యయు ఇదియే. ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో భారతీయ అంకీయ గ్రంథాలయ ప్రయత్నము ఆరంభమైనది. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన రాజ్ రెడ్డిగారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి పది లక్షల గ్రంథముల ప్రణాళికకు ప్రేరకులైరి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ మొదలైనవి అందు పాల్గొనెను. వేలకొలది తెలుగు పుస్తకములు ఛాయాచిత్రములై చెదలనోటినుండి తప్పించుకొనెను. ఇది సామాన్యమైన ఉపకారము కాదు. కాని పుట యొక్క చిత్రము మనుష్యుని కంటికి అక్షరములైనను యంత్రమునకు సిరామచ్చలు మాత్రమే. అది మొదటి రాయి. రెండవ రాయి ఇంకను చాలవరకు చెక్కవలసియే యున్నది.

ఇందువలన చరిత్రకారునికి కలుగు నష్టమేమో తెలియుటకు దంతెవాడనుండి దూరము పోనక్కరలేదు. ఇంద్రావతి ప్రాంతమందలి బారసూరు ఒకప్పుడు చక్రకూట నాగవంశీయుల ముఖ్యస్థానము. సోమేశ్వరుని పట్టమహిషి గంగమహాదేవి అచ్చట రెండు శివాలయములు కట్టించి గ్రామమును దానము చేసినట్లు తెలుగు శాసనమొకటి కలదు. దాని కాలము గ్రంథములలో శక 1130 అనియు, 1030 అనియు రెండు విధములుగా కన్పట్టును. నడుమ నూరేండ్ల అంతరము. నారాయణపాల శాసనము శక 1033 నాటిది. సోమేశ్వరుని తల్లి గుండమహాదేవి వేయించిన ఆ శాసనమువలన, అప్పటికి సోమేశ్వరుడు గతించి ఆతని కుమారుడు కన్హరదేవుడు రాజ్యము చేయుచుండెనని తెలియుచున్నది. కావున 1030 అనుకొన్నచో గంగమహాదేవి ఆ సోమేశ్వరుని భార్యయే కావచ్చును. 1130 అనుకొన్నచో మరియొక సోమేశ్వరుని అంగీకరింపక తప్పదు. కొందరు అట్లే అంగీకరించి రెండవ సోమేశ్వరుని వంశావళిలో చేర్చిరి. ఒక్క అంకెపై ఒక రాజు ఉనికియే ఆధారపడియున్నది!

ఇట్టి విచారణకు రెండు శాసనములు పక్కపక్కన నిలువవలెను. రాయ్ బహదూర్ హీరాలాల్ 1916లో ప్రకటించిన మధ్యపరగణాల, బేరారుల శాసనముల పట్టిక చేసిన పని అదియే. ప్రాంతము, ఊరు, కాలము, సారాంశము క్రమముగా నిచ్చి ఆయన చెదరియున్న రాళ్లను పోల్చదగిన సాక్ష్యములుగా మార్చెను. నేడు ఆ పనిని యంత్రసాయమున లక్షల పుటలకు విస్తరింపవచ్చును. అయితే యంత్రము తనంత తానుగా ఆ పని చేయజాలదు. తెలుగు అంకెలలోని సున్నయు, అక్షరము ప్రక్కనుండు పూర్ణానుస్వారమును ఒకే ఆకృతి గలవి. పాత ముద్రణలోని సంవత్సరము అక్షరముగా మారిపోవుటకు అది చాలును. చక్రకూటము, చక్రకోట్యము ఒకే తావని చెప్పనిదే యంత్రమెరుగదు. దంతెవాడ, దంతేవాడ, దంతేవారా అను రూపములలో ఒకటి వెదకినవానికి తక్కినవి దొరకవు.

కావలసినది ప్రతి చిత్రమునకు పక్కన శుద్ధపాఠము, ఊరి పేర్లకు రూపాంతరములు, తేదీకి మూలమందున్న అంకెయు పండితులు సూచించిన అంకెయు వేరువేరుగా, ఆ సూచన చేసినవారి పేరుతోసహా. తెలుగు వికీసోర్సున స్వచ్ఛందముగా శ్రమించువారు ఒకరు దిద్దిన పుటను మరియొకరు సరిచూచిన పిమ్మటనే ఆమోదించుచున్నారు. ఆ పద్ధతి అనుసరణీయము. 1130 అన్నచోట 1030 అని దిద్ది మొదటిదానిని తుడిచివేసినచో, రేపటి పరిశోధకునికి ఆ వివాదమే కన్పడదు. దిద్దినది తప్పైనచో దానిని కనిపెట్టు మార్గమును ఉండదు.

భగవాన్ మిశ్రుడు సంస్కృత శాసనమును చెరిపి దానిపై భాషను చెక్కించలేదు. రెండవ రాతిని మొదటిదాని పక్కన నిలిపెను. గ్రంథాలయముల వారికి దంతెవాడ మూడువందల యేండ్ల నాడే నేర్పిన పాఠ మిది.